ముందు తిన్న ముద్ద

పన్నెండున్నర దాటిందో లేదో ఈరమ్మకు కడుపులో మళ్ళీ మొదలైంది. పేగులు మెలిపెట్టే ఆకలి. అది తనది కాదు, అడవిలో ఉన్న కుంకుడుది. ముందున్న పెట్టెలో ఎర్రమీట నొక్కింది. గోడమీది తెరపై పదిహేడో నంబరు పక్కన 'ఆకలి' అని అక్షరాలు పడ్డాయి. బల్లమీద స్టీలు డబ్బాలో జొన్నరొట్టె, చింతచిగురు పప్పు చల్లారిపోతున్నాయి. ఈరమ్మ మూత కూడా తియ్యలేదు. బిడ్డ అడవిలో ఎండుటాకులు నములుతుంటే తనకు రొట్టె గొంతు దిగుతుందా?

బిడ్డ అంటే కోతి. కరెంటు తీగ తగిలి చచ్చిన తల్లిని కరుచుకుని ఉంటే ఈరమ్మే విడదీసి, కొంగులో వేసుకుని పెంచింది. కళ్ళు కుంకుడు గింజల్లా నల్లగా మెరిసేవని ఆ పేరు పెట్టింది. ఈరమ్మవాళ్ళది కోతులాడించే కులం. కుంకుడు ఎనిమిదేళ్ళు ఊరూరా తిరిగి ఆడింది. అత్తారింటికి పోనని అలిగేది, పోలీసులా సెల్యూట్ కొట్టేది. ఆట చివర్న పళ్ళెం నెత్తిమీద పెట్టుకుని జనం చుట్టూ తిరిగేది. తెచ్చి ఈరమ్మ ముందు పెడితే ఈరమ్మ చూసి "సాలు బిడ్డా" అనాలి, అప్పుడే ఒళ్ళోకి ఎక్కేది. పళ్ళెంలో ఏమీ పడని రోజుల్లో, ఈరమ్మ పస్తున్న రోజుల్లో, ఎవరూ చెప్పకుండానే పళ్ళెం తీసుకుని రెండోసారి తిరిగొచ్చేది. మనిషి మొహం చూసి ఆకలి పోల్చుకునేది మరి.

తర్వాత కోతుల్ని ఆడించడం నేరమన్నారు. జీపు వచ్చింది, కుంకుడును పట్టుకుపోయింది. కోతుల పునరావాస కేంద్రంలో రెండేళ్ళు ఉంచి, దానికి కోతిగా బతకడం నేర్పారు. మనిషి కనబడితే పారిపోవడం, పండేదో కాయేదో తెలుసుకోవడం, మందలో ఒదిగి ఉండడం. ఆరునెలల కిందట నల్లమలలో వదిలేశారు. దాంతోపాటు ఈరమ్మను తెచ్చి ఈ రేకుల గదిలో కూర్చోబెట్టారు.

దానికి కారణం జాడపూస. నువ్వుగింజంత ఉంటుంది. ఒకటి కోతి మెడలో, చర్మం కింద. దాని జంట ఈరమ్మ మెడలో. అంతకుముందు వదిలిన కోతులకు పట్టీలు కట్టేవాళ్ళు. పట్టీ ఉన్నదాన్ని మందలో మిగతావి కొరికి తరిమేవి. పైగా పట్టీ చెప్పేది జాగా ఒక్కటే. మూడ్రోజులు ఒకేచోట కూర్చున్న కోతి తృప్తిగా కూర్చుందో, చావడానికి కూర్చుందో అది చెప్పదు. జాడపూస చెబుతుంది. కోతి ఒంట్లో ఆకలి, భయం, నొప్పి, నిద్ర జంట మనిషి ఒంట్లోకి వస్తాయి. మనిషి మీట నొక్కుతాడు. పూస ఒంటి వేడితోనే నడుస్తుంది కాబట్టి బ్యాటరీ అయిపోతుందన్న బెంగ లేదు. ఆ కోతిని బాగా ఎరిగిన మనిషికే ఆ మాట అర్థమవుతుందని డాక్టర్ సుభాషిణి ఈరమ్మ ఇంటికి వచ్చి మరీ అడిగింది. కాగితం చదివి వినిపించడం పూర్తి కాకముందే ఈరమ్మ జుట్టు పక్కకు తీసి మెడ వంచింది.

ఆ వంచిన మెడ మళ్ళీ లేవలేదు. పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా ఈ గది. పూసల సందేశాలు అందుకునే టవర్ గది పక్కనే ఉంది, దాన్నుంచి పన్నెండు కిలోమీటర్లు దాటి పోకూడదు. మేనకోడలి పెళ్ళికని ఒకసారి బస్సెక్కింది. పదమూడో కిలోమీటరు రాయి దగ్గర ఒళ్ళు ఒక్కసారిగా బోసిపోయింది. చంకలో పిల్ల జారిపోయినట్టు కేకవేసి, బస్సు ఆపించి, పట్టుచీరతో నడుచుకుంటూ వెనక్కి వచ్చేసింది. ఇంట్లో ఉన్నా అంతే. కూర తరుగుతూ తరుగుతూ "అమ్మా" అని భుజం పట్టుకుని కూలబడేది. అక్కడ మగకోతి ఏదో కుంకుడును కరిచి ఉంటుంది.

"నేను పెండ్లి చేసుకున్నది ఒక్కదాన్ని, కాపురం జేస్తున్నది ఇద్దరితోని" అనేవాడు మొగుడు బక్కయ్య. ఆటలో డోలు వాయించినవాడు, ఆట పోయినా నోటి దురద పోలేదు.

తలుపు తోసుకుని డాక్టర్ సుభాషిణి వచ్చింది. మొహం చూస్తేనే తెలిసింది.

"ఈరమ్మా, మళ్ళీ రోడ్డు మీదికి దిగింది."

తెరమీద కుంకుడు జాగా చూపే పచ్చచుక్క ఘాట్ రోడ్డు కల్వర్టు పక్కన ఉంది. పన్నెండు రోజుల్లో ఇది రెండోసారి. అడవిలో వదిలిన కోతి ఏడాదిలోపు మూడుసార్లు రోడ్డెక్కి చెయ్యి చాపితే అది బాగుపడనట్టు లెక్క. వలేసి పట్టి తెస్తారు. తెచ్చాక బోనే, బతికినన్నాళ్ళూ బోనే. పోయినేడు ఒక కోతి మీదికి దూకి బండిమీది మొగుడూపెళ్ళాలు పడ్డారట, అప్పట్నుంచి పైవాళ్ళు ఈ నియమం పెట్టారు. ఆ పైవాళ్ళెవరూ ఒక పూటైనా కోతి పక్కన కూర్చున్నవాళ్ళు కారు, అది వేరే సంగతి.

"అడివిల తిండి లేదు మేడం" అంది ఈరమ్మ. "ఎండలు ముదిరినంక నేను దినాం చెప్తనే ఉన్న. పన్నెండయితే సాలు, దానికి కడుపు కాలుతది. ఒక్కో దినం మూడు దాంక కాలుతది. నేను గూడ ఏం తింటలేను."

"మీరు తినకపోవడమేంటి?"

"దానికి కడుపు నిండితేనే కద నేను తినేది. మా ఇండ్లల్ల అంతే."

డాక్టరమ్మ ఆ మాట పట్టించుకోలేదు. పెద్ద చదువులు చదివినవాళ్ళకు ఒక్కోసారి ఎదురుగా పడేసిన ముక్క కనబడదు. ఆమె కల్వర్టు దగ్గరి కెమెరాను తెరమీదికి తెచ్చింది.

"నాకు అర్థం కానిది ఇదీ. చూడండి."

కుంకుడు కల్వర్టు గోడమీద కూర్చుని ఉంది. ఒక కారు ఆగింది. కుంకుడు దిగి వెళ్ళి కుడిచెయ్యి చాపింది. ఎనిమిదేళ్ళు ఊరూరా చాపిన చెయ్యే. కారులోంచి అరటిపండు వచ్చింది. కుంకుడు దాన్ని ఒలవలేదు, వాసన కూడా చూడలేదు. నెత్తిమీద పెట్టుకుని, ఒక చేత్తో పట్టుకుని, కుంటుతూ వచ్చి కల్వర్టు గోడమీద పెట్టింది. అక్కడ అప్పటికే రెండు పళ్ళు, బిస్కెట్ పొట్లం, ఎవరో ఇచ్చిన సగం చపాతీ వరసగా ఉన్నాయి. అన్నీ పెట్టి, రోడ్డు ఆ చివరికీ ఈ చివరికీ చూసింది. ఎవరూ రాలేదు. మళ్ళీ ఇంకో బండి వైపు కదిలింది.

"ఆకలైతే తినాలి కదా? పైగా ఆ దవడలు చూడండి, రెండు వైపులా తునికిపళ్ళు కుక్కుకుని ఉంది. కడుపు నిండిన కోతి ఎందుకు అడుక్కుంటోంది?"

ఈరమ్మ బల్లమీది డబ్బా వైపు చూసింది, తెర వైపు చూసింది. తన కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. కాలుతూనే ఉంది. పొద్దున్నించి పచ్చిమంచినీళ్ళు తప్ప ఏమీ పడని కడుపు.

"అయ్యో నా తల్లీ" అంది. "నాకోసం మేడం. అది అడుక్కునేది నాకోసం."

గబగబా మూత తీసింది. రొట్టె తుంచి పప్పులో అద్ది నోట్లో పెట్టుకుంది. నమిలి మింగింది. మళ్ళీ పెట్టుకుంది. కళ్ళు తెరమీదే ఉన్నాయి, నీళ్ళు రొట్టెమీద పడుతున్నాయి. నాలుగు ముద్దలయ్యేసరికి కుంకుడు చాపిన చెయ్యి దించేసింది. మెడ గోక్కుంది. ఆరు ముద్దలయ్యేసరికి ఆ బండిని వదిలేసి, తాను పేర్చిన పళ్ళను ఇవెవరివన్నట్టు ఒకసారి చూసి, ఒక్కటి కూడా ముట్టుకోకుండా చెట్టెక్కి వెళ్ళిపోయింది. ఈరమ్మ కడుపులో కాలడం ఆగింది. రెండు కడుపుల్లోనూ ఆగింది.

డాక్టర్ సుభాషిణి కుర్చీ లాక్కుని కూర్చుంది. పూస ఒకవైపే మాట్లాడుతుందనుకుని తయారుచేశారు. కంతలోంచి ఇటువాళ్ళు చూస్తే అటువాళ్ళూ చూడగలరని ఎవరికీ తట్టలేదు. పూసలు పెట్టి వదిలిన మిగతా పది కోతుల జంట మనుషులు కేంద్రంలో ఉద్యోగులు, వేళకు క్యారేజీ విప్పి తినేవాళ్ళు, అందుకే బయటపడలేదు. ఈరమ్మ ఒక్కతే కోతి తినేదాకా తినని మనిషి. ఈరమ్మ ఆకలి పోయి కుంకుడు ఒంట్లో పడేది. అదే ఆకలి తిరిగి ఈరమ్మ ఒంట్లోకి వచ్చేది. అది కోతి ఆకలనుకుని ఈరమ్మ ఇంకాసేపు పస్తుండేది. ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఆగి, ఒకరినొకరు మాడ్చుకున్నారు.

"అడవిలో తిండి చాలడం లేదని నేను రిపోర్టు కూడా పంపాను" అంది డాక్టరమ్మ నీరసంగా. "ఇన్నాళ్ళూ మీరు నొక్కిన ఎర్రమీటలన్నీ మీ ఆకలేనేమో."

"ఈ పూస తీసెయ్యరాదా మేడం?"

"మీ మెడలో నరంతో కలిసిపోయింది. తీస్తే చెయ్యి పడిపోవచ్చు. దాని మెడలోది తియ్యాలంటే వలేసి పట్టాలి. పట్టినదాన్ని మళ్ళీ వదలనివ్వరు. ఇలా జరిగిందని నేను రాసి పంపితే పదకొండింటినీ పట్టి తెమ్మంటారు." ఆమె ఈరమ్మ కళ్ళలోకి చూడలేకపోయింది. "తప్పు నాది. మీ మెడలో పెట్టే ముందు నేను చూసుకోవాల్సింది. ఇప్పుడు ఒక్కటే దారి ఈరమ్మా. మీరు ఆకలి కాకముందే తినండి. రోజూ. అంతే."

"ఎన్నొద్దులు?"

"అది బతికినన్నాళ్ళు. ఇంకో ఇరవయ్యేళ్ళు బతకొచ్చు."

అంతే అంటే అంతే. వేళకు తిండి తినమనడం కూడా శిక్షేనా అని ఎవరైనా నవ్వుతారు. నవ్వేవాళ్ళు నర్సవ్వను చూడలేదు.

నర్సవ్వ ఈరమ్మ అత్త. ఎనభై దగ్గరపడింది. ఆ ఇంట్లో మొదట కోతి తాడు పట్టిన ఆడది ఆమె. ఈరమ్మ కాపురానికి వచ్చిన రోజు తాడు చేతికిస్తూ ఒకటే చెప్పింది. "గీ జీవాన్ని మనం కట్టేసినం. అది పోయి ఏరుకోని తినలేదు. గందుకే ముందుగాల దానికి, తర్వాతనే నీకు. ముందు తిన్ననాడు నీ చేతిల తాడుండొద్దు." తాను మాట తప్పలేదు. కరువు కాలంలో గంజి మూడుపూటలా కోతికే పోసి, తాను స్పృహ తప్పి పడిపోయిన మనిషి. కుంకుడును జీపు పట్టుకుపోయాక కూడా ఆ ఇంట్లో తొలి ముద్ద పళ్ళెం అంచున పక్కకు పెట్టాకే తినేవాళ్ళు. దాన్ని కాకులకు వేసేవాళ్ళు.

మర్నాటి నుంచి ఈరమ్మ రేకుల గదిలో తొమ్మిది గంటలకే డబ్బా విప్పడం మొదలుపెట్టింది. మొదటి ముద్ద చెయ్యి తనంతట తానే పళ్ళెం అంచుకు తీసుకుపోయేది. బలవంతాన వెనక్కి తెచ్చి నోట్లో పెట్టుకునేది. మన్ను తిన్నట్టు ఉండేది. పది గంటలకు మళ్ళీ రెండు ముద్దలు, పదకొండున్నరకు మళ్ళీ. కుంకుడు రోడ్డు మొహం చూడలేదు. తెరమీద పచ్చచుక్క రోజురోజుకూ లోయలోకి, నీళ్ళున్న వైపుకు జరిగింది. డాక్టరమ్మ సంబరపడింది. ఈరమ్మ కడుపు నిండిందని చెప్పే పచ్చమీట నొక్కుతూ కూర్చుంది. కడుపు నిండుగా ఉండేది, మనసు దొంగతనం చేసినట్టు ఉండేది.

ఆదివారం గదికి సెలవు, పూసకు సెలవు లేదు. ఇంట్లో తొమ్మిదింటికి పొయ్యి దగ్గర నిలబడి, గోడవైపు తిరిగి గబగబా తింటుంటే నర్సవ్వ చూసింది.

"పక్కకు పెట్టినవా?"

ఈరమ్మకు అబద్ధం చేతకాదు. అంతా చెప్పింది. పూస సంగతి, పళ్ళు పేర్చిన సంగతి, బోను సంగతి. "ఇప్పుడు కట్టేసింది దాన్ని గాదత్తా, నన్ను. నేను ముందు తింటెనే అది బతుకుతది."

ముసలామెకు పూస ఎక్కలేదు. ఎక్కింది ఒక్కటే. "ముందు తింటున్నవు" అంది. "నేను చచ్చినంక తింటే నాకు తెలువకపోవు." ఆ రోజు నుంచి ఈరమ్మ చేతి కూడు ముట్టలేదు. కొడుకు గంజి కాచి పోస్తే తాగేది. కోడలు దుప్పటి కప్పబోతే చెయ్యి తోసేసేది. ముప్ఫయ్యేళ్ళు ఒక కంచంలో తిన్న మనుషులు. తిట్టినా బాగుండేది ఈరమ్మకు, తిట్లు అలవాటే.

బక్కయ్య ఇద్దరి నడుమ నలిగిపోయాడు. "అవ్వా, నీ కోడలు తిండిపోతయిందని కోతి సంబురపడుతుంటే నువ్వేందే ఏడుస్తవు" అని నవ్వించబోయాడు. ఎవరూ నవ్వలేదు. వాడి జోకు ఆ ఇంట్లో పండకపోవడం అదే మొదటిసారి.

వైశాఖంలో నర్సవ్వ మంచం పట్టింది. నాలుగోరోజు పొద్దుగూకే వేళ, ఈరమ్మ తడిబట్టతో కాళ్ళు తుడుస్తుంటే, ఆ రెండు నెలల్లో మొదటిసారి కోడలితో మాట్లాడింది.

"అది తిన్నదా?"

"తిన్నదత్తా."

"నువ్వో?"

ఈరమ్మ బట్ట పిండుతూ ఆగింది. "తిన్న" అంది.

నర్సవ్వ మొహం గోడవైపు తిప్పుకుంది. ఆ తిప్పుకోవడంలో ఏముందో ఈరమ్మకు తెలియలేదు. కోపమో, పోనీలే అనుకోవడమో. తెల్లారేసరికి ముసలామె ప్రాణం పోయింది.

శవం ఇంట్లో ఉంటే పొయ్యి రాజేయరు. వండినవి పారబోస్తారు, కుండల్లో నీళ్ళు ఒంపేస్తారు. పీనుగ లేచేదాకా ఆ ఇంటివాళ్ళు ఎంగిలి పడరు, కోడలు అసలే పడదు. ఆడబిడ్డ అంజమ్మ పూణె నుంచి రావాలి, వచ్చేసరికి మధ్యాహ్నం మూడవుతుందన్నారు. అందాకా ఆపాలన్నారు. వాకిట్లో వేపచెట్టు కింద నర్సవ్వను పడుకోబెట్టారు. తలదగ్గర దీపం, పళ్ళెంలో కొబ్బరికాయ, తమలపాకులు, అరటిపళ్ళు పెట్టారు. ఈరమ్మ తలాపున కూర్చుంది. కులపోళ్ళంతా వచ్చారు, వాకిలి నిండిపోయింది.

తొమ్మిదయింది. పదయింది. ఏడుస్తున్నంతసేపూ ఏమీ తెలియలేదు. పదకొండుకు కడుపులో మొదట చిన్నగా నులిమింది. ఈరమ్మ కొంగు కడుపుకు అదిమిపట్టుకుంది. నిన్న మధ్యాహ్నం తిన్నదే. అత్త మంచం పక్క కూర్చుని సాయంత్రం తినలేదు. ఆకలి కాకూడదు, కాకూడదు అనుకుంది. అనుకుంటే ఆగే వస్తువా అది? పదకొండున్నరకు పేగులు మెలిపెట్టాయి. మెడ వెనక చురుక్కుమంది. లోయలో ఎక్కడో కుంకుడు లేచి నిలబడింది, ఈరమ్మకు కాళ్ళల్లో తెలిసింది. కొమ్మ కొమ్మ పట్టుకుని పైకి వస్తోంది. భుజాలు లాగాయి.

బక్కయ్య జేబులో ఫోను మోగింది. తెచ్చి ఈరమ్మ చెవి దగ్గర పెట్టాడు.

"ఈరమ్మా, మీ ఇంటి సంగతి తెలిసింది. ఈ టైంలో ఇలా అడగకూడదు" అంది డాక్టరమ్మ. "కుంకుడు ఘాట్ రోడ్డు వైపు వచ్చేస్తోంది. వలవాళ్ళు కల్వర్టు దగ్గర కాపు కాసి ఉన్నారు. నేను వద్దంటే వినడం లేదు, వాళ్ళ చేతిలో ఆర్డరు ఉంది. ఇంకో పది నిమిషాలు. అది చెయ్యి చాపిందంటే..."

ఈరమ్మ లేవబోయింది. పక్కనున్న ముసలమ్మ భుజం నొక్కి కూర్చోబెట్టింది. "యాడికే? తలాపు ఇడిసి లేవొద్దు కోడలు." లేచినా ఎక్కడికి పోతుంది? ఇంట్లో కుండలన్నీ బోర్లించి ఉన్నాయి. పక్కింటికి పోయి అన్నం పెట్టమని అడిగేలోపు పది నిమిషాలూ అయిపోతాయి.

తిండి అన్నది అక్కడ ఒక్కచోటే ఉంది. నర్సవ్వ తలదగ్గరి పళ్ళెంలో.

ఈరమ్మ అత్త మొహం చూసింది. గోడవైపు తిప్పుకున్న మొహమే, ఇప్పుడు ఎవరో సరిచేసి ఆకాశం వైపు పెట్టారు. "అత్తా" అంది లోపల. "తాడు నా చేతిల లేదే. నా మెడకున్నది." చెయ్యి చాపింది. ఒక పండు తెంపి, ఒలిచి, నోట్లో పెట్టుకుంది.

వాకిట్లో ఏడుపు ఒక్కసారిగా ఆగిపోయింది. ఆడవాళ్ళు నోటిమీద చెయ్యి పెట్టుకున్నారు. "ఓసి నీ పాడుగాను, పీనుగు ముందల తింటున్నదిరో" అని ఎవరో అరిచారు. "శవం కాడి పండ్లే! బువ్వకు మొకం వాసిపోయినవా?" అని ఇంకో గొంతు. ఈరమ్మ రెండో పండు ఒలిచింది. గుటక పడటం లేదు. పడకపోతే కుదరదు. నమిలింది, మింగింది. మూడోది తీసుకుంటుంటే కులపెద్ద ఒకాయన చెయ్యి పట్టుకోవడానికి వచ్చాడు.

బక్కయ్య లేచి ఆయనకు అడ్డంగా నిలబడ్డాడు. చచ్చింది వాడి తల్లి. తల్లి దగ్గర పెట్టిన పళ్ళు. ఎప్పుడూ నోరు మూతపడని మనిషి, ఆ క్షణాన వాడికి రెండు మాటలే దొరికాయి.

"తిననియ్యండ్రి. పోండ్రి."

భుజంమీది తువ్వాలు తీసి రెండు చేతుల్తో అడ్డంగా పట్టుకున్నాడు, పెళ్ళాన్ని జనం చూడకుండా. ఆ తువ్వాలు వెనక ఈరమ్మ నాలుగోది తిన్నది. అయిదోది తిన్నది. కడుపులో మెలి మెల్లగా వదిలింది. భుజాలు లాగడం తగ్గింది. ఎక్కడో ఒక కొమ్మమీద ఒక ప్రాణం ఆగింది. ఆగి, ఇటా అటా అని తేల్చుకోలేక కూర్చుంది. ఈరమ్మ ఆరో పండు కూడా తినేసింది. పళ్ళెంలో తొక్కలు, కొబ్బరికాయ మిగిలాయి.

ఫోను ఇంకా ఆన్‌లోనే ఉంది. అందులోంచి డాక్టరమ్మ గొంతు వచ్చింది. "ఆగింది ఈరమ్మా. రోడ్డుకు రెండు వందల గజాల్లో ఆగింది." కాసేపటికి మళ్ళీ, "తిరిగి పోతోంది. లోయలోకి పోతోంది. ఈరమ్మా, వింటున్నారా?"

ఈరమ్మ అత్త పాదాలమీద తల పెట్టి బోరున ఏడ్చింది. అప్పటిదాకా ఏడ్చినవాళ్ళెవరూ ఆమెతో కలిసి ఏడవలేదు. మూడింటికి అంజమ్మ వచ్చింది. ఎవరో చెవిలో ఊదారు. తల్లి శవాన్ని చూసి ఏడ్చి, లేచి, వదినె దగ్గరకు వచ్చి, "నా తల్లికి నువ్వు నీళ్ళు పొయ్యొద్దు" అంది. పోయనివ్వలేదు. పన్నెండు రోజులూ ఈరమ్మ వాకిట్లోనే కూర్చుంది. ఆమె చేతి నీళ్ళు ఎవరూ తాగలేదు. కానీ రోజూ తొమ్మిది కాకముందే బక్కయ్య పక్కూరి హోటలు నుంచి ఇడ్లీ పొట్లం తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టేవాడు, అందరూ చూస్తుండగా.

వానలు పడ్డాయి. శ్రావణంలో ఒక మధ్యాహ్నం ఈరమ్మ రేకుల గదిలో కూర్చుని ఉండగా ఒళ్ళు బోసిపోయింది, ఆనాడు బస్సులో బోసిపోయినట్టే. తెరమీద పచ్చచుక్క ఆరిపోయింది. డాక్టరమ్మ పరుగున వచ్చి, అంతా చూసి, ఈరమ్మ చేతులు పట్టుకుంది.

"చనిపోలేదు. కొత్త మందతో కలిసి కొండ దాటింది. టవర్ అందని చోటికి పోయింది. ఇంక దాన్ని ఎవరూ పట్టలేరు ఈరమ్మా. అది గెలిచింది. మీరు కూడా" ఆమె నవ్వబోయింది, కళ్ళు నిండాయి. "మీరు ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఇష్టమైనప్పుడు తినొచ్చు."

"నాది దానికి అందుతదా మేడం? దానిది నాకు అందకున్నా?"

డాక్టర్ సుభాషిణి ఎన్ని పుస్తకాలు చదివిందో పాపం. ఆ ప్రశ్నకు జవాబు ఏ పుస్తకంలోనూ లేదు. "అందదనే అనుకుంటున్నాను" అంది. ఇదివరకు ఒకసారి ఆమె అనుకున్నది ఏమైందో ఇద్దరికీ గుర్తుంది.

ఈరమ్మ ఇంటికి వచ్చింది. గదికి తాళం పడింది. ఇప్పుడు ఎవరూ మీటలు నొక్కమనరు, ఎవరూ ఫోను చేయరు. మేనకోడలికి కొడుకు పుట్టాడని బారసాలకు పిలిచారు. బస్సులో పదమూడో కిలోమీటరు రాయి దాటింది, ఏమీ కాలేదు. ఒంట్లో ఏదీ మిగల్లేదు, పోవడానికి. బారసాల ఇంట్లో బంధువులు పూజ కాలేదని, ఇంకా విస్తళ్ళు వేయలేదని అంటుండగానే, తొమ్మిది కొట్టేసరికి, ఈరమ్మ గోడవైపు తిరిగి కొంగుచాటున మూట విప్పింది.

"ఆకలైతుందా అక్కా?" అని ఎవరో పిల్ల నవ్వుతూ అడిగింది.

"లేదమ్మా" అంది ఈరమ్మ, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటూ. నిజమే చెప్పింది. నర్సవ్వ కోడలికి ఆ తర్వాత బతుకులో మళ్ళీ ఆకలి కాలేదు. కానిచ్చుకోలేదు.